శత్రువు పోయినా చెరగని ముద్ర
యుద్ధకాలంలో స్వాధీనం చేసుకున్న వేలాది ఆస్తులు ఆరు దశాబ్దాలుగా ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. వారసుడు భారతీయుడైనా, ఏ గొడవతోనూ సంబంధం లేని మూడో దేశం పౌరుడైనా చట్టం దృష్టిలో అవి శత్రు ఆస్తులే

ఢిల్లీకి ఉత్తరాన, జాతీయ రాజధాని ప్రాంతంలో భాగమైన బాగ్‌పత్ జిల్లాలో కోటానా ఓ మామూలు పల్లె. 2024 సెప్టెంబర్‌లో ఆ ఊళ్లోని సుమారు 13 బిఘాల పొలం ఒక్కసారిగా వార్తలకెక్కింది. ప్రభుత్వం ఆన్‌లైన్‌లో వేలానికి పెట్టిన ఆ భూమి కనీస ధర 39.06 లక్షల రూపాయలు. పాట ముగిసేసరికి అది 1.38 కోట్లకు చేరింది. ముగ్గురు కలిసి కొనుక్కున్నారు. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఇంతకన్నా పెద్ద భూములు రోజూ చేతులు మారుతుంటాయి. ఈ పొలానికి అంత ప్రచారం రావడానికి కారణం వేరే ఉంది. అది పాకిస్తాన్ మాజీ అధ్యక్షుడు పర్వేజ్ ముషారఫ్ పూర్వీకుల కుటుంబానిది.

ముషారఫ్ 1943లో పుట్టింది ఢిల్లీలోని దరియాగంజ్‌లో. ఆయన తల్లిదండ్రులు ఆ పల్లెలో ఎన్నడూ ఉండలేదని, బంధువులు మాత్రం ఉన్నారని జిల్లా అధికారులు చెప్పారు. 2023లో ముషారఫ్ దుబాయ్‌లో కన్నుమూసేనాటికే ఆ పొలం రెవెన్యూ రికార్డుల్లో 'శత్రు ఆస్తి'గా నమోదై ఉంది. కార్గిల్ సూత్రధారి కుటుంబానికి చెందిన భూమి వేలమైతే బాధపడేవాళ్లు ఈ దేశంలో ఎవరూ ఉండరు. కానీ అదే చట్టం కింద అదే ముద్ర పడిన ఆస్తులు దేశంలో 12,611 ఉన్నాయి. వాటిలో కొన్నిటిపై హక్కు కోరుతున్నవారు పాకిస్తానీలు కారు. ఇక్కడే పుట్టి, ఇక్కడే ఓటేసి, ఇక్కడే పన్ను కట్టే భారతీయులు. చిక్కు ముడి అక్కడే పడింది.

కేంద్ర హోం శాఖ 2023లో బయటపెట్టిన లెక్కల ప్రకారం ఈ ఆస్తుల్లో 12,485 పాకిస్తాన్ పౌరసత్వం తీసుకున్నవారివి, 126 చైనా పౌరసత్వం తీసుకున్నవారివి. ఉత్తరప్రదేశ్‌లో 6,255, పశ్చిమ బెంగాల్‌లో 4,088 ఉండగా మూడో స్థానం ఢిల్లీది. ఇక్కడి ఆస్తులు 659. రాజధాని ప్రాంతంలో భాగాలున్న హర్యానాలో మరో 71. తెలుగు నేలకూ ఇందులో వాటా ఉంది. తెలంగాణలో 158, ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి. మొత్తం విలువ లక్ష కోట్ల రూపాయలుంటుందని అంచనా. వీటన్నిటికీ చట్టరీత్యా ఒకే కాపలాదారు: 'కస్టోడియన్ ఆఫ్ ఎనిమీ ప్రాపర్టీ'. 1939లో, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది, జర్మన్ల ఆస్తుల కోసం బ్రిటిష్ ప్రభుత్వం సృష్టించిన పదవి ఇది. 2007 వరకు వాణిజ్య శాఖ కింద ఉన్న ఆ కార్యాలయం ఆ తర్వాత హోం శాఖ కిందికి వచ్చింది. లెక్కలు చూసే శాఖ నుంచి భద్రత చూసే శాఖకు మారడంలోనే ఈ ఆస్తుల పట్ల ఢిల్లీ దృష్టి ఎటు మళ్లిందో కొంత అర్థమవుతుంది.

యుద్ధం ఎవరి మధ్య, నష్టం ఎవరికి?

యుద్ధమంటే రెండు రాజ్యాల మధ్య తగాదా. మరి ఆ రాజ్యాల్లోని మామూలు మనుషుల ఇళ్లు, సరుకులు, ఓడలు ఏం కావాలి? తగాదాతో ప్రమేయంలేని మూడో దేశంవాళ్ల సొత్తు మధ్యలో చిక్కుకుంటే దిక్కెవరు? అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో అతి పాత ప్రశ్నల్లో ఇవీ ఉన్నాయి. క్రిమియా యుద్ధం ముగిశాక 1856లో కుదిరిన పారిస్ ప్రకటన వీటికి మొదటిసారి స్పష్టమైన జవాబిచ్చింది. తటస్థ దేశం జెండా ఎగిరే ఓడలో శత్రువు సరుకున్నా పట్టుకోకూడదు. శత్రువు ఓడలో తటస్థుల సరుకున్నా జప్తు చేయకూడదు. ఆయుధాల వంటి యుద్ధ నిషిద్ధ సరుకులకు మాత్రం ఈ రక్షణ లేదు.

కాగితం మీద ఇది చక్కగానే ఉంది. సముద్రం మీద ఎలా ఉంటుందో బంగాళాఖాతం చూసింది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టిన జర్మన్ నౌక ఎమ్డెన్ అంతకు కొన్ని రోజుల ముందే ఈ జలాల్లో వేట మొదలుపెట్టింది. దానికి తొలుత చిక్కిన ఓడ పొంటోపొరోస్ తటస్థ గ్రీసుది. అయితే అందులో ఉన్నది బ్రిటిష్‌వారి కోసం తీసుకెళుతున్న బొగ్గు. ఎమ్డెన్ కెప్టెన్ వాన్ ముల్లర్ ఆ ఓడను వెంటబెట్టుకుని బొగ్గు వాడుకున్నాడు. ఆ తర్వాత ఎదురైన ఇటలీ ఓడ లొరెడానోను మాత్రం తటస్థ దేశానిదని వదిలేశాడు. ఆ ఓడ వాళ్లే వెళ్లి ఎమ్డెన్ జాడను బ్రిటిష్‌వారికి చేరవేశారు. చట్టాన్ని పాటించినందుకు ముల్లర్ చెల్లించిన మూల్యం అది.

పట్టుబడిన ఓడ గానీ సరుకు గానీ పట్టుకున్నవాడి సొంతమైపోదు. అది 'ప్రైజ్ కోర్టు' ముందుకు రావాలి. తటస్థ యజమాని అక్కడ నిలబడి ఇది నాదని వాదించుకోవచ్చు. 1915లో అమెరికా నుంచి స్టాక్‌హోమ్‌కు రాగితో బయల్దేరిన స్వీడన్ ఓడ జమోరాను బ్రిటిష్ నౌకాదళం పట్టుకుంది. కోర్టు తీర్పు రాకముందే ఆ రాగి తనకు కావాలంది బ్రిటిష్ ప్రభుత్వం. 1916లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. ప్రైజ్ కోర్టు పాటించాల్సింది అంతర్జాతీయ న్యాయాన్నే తప్ప ప్రభుత్వ ఉత్తర్వును కాదని తేల్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నడుమ, సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా, ఓ పరాయి దేశం ఓడ విషయంలో వచ్చిన తీర్పది. అప్పట్లో భారతదేశానికి కూడా ప్రీవీ కౌన్సిలే అత్యున్నత న్యాయస్థానం. ఆ సంప్రదాయంలోనే భారత పార్లమెంట్ 1971లో నౌకా, విమాన ప్రైజ్ చట్టం చేసింది.

నేల మీది ఆస్తుల కథ వేరు. శత్రుదేశం పౌరుల ఇళ్లు, వాటాలు, బ్యాంకు ఖాతాలు శత్రువుకు ఉపయోగపడకుండా ఓ సంరక్షకుడి చేతికి అప్పగించడం, యుద్ధం ముగిశాక ఒప్పందం ద్వారా వాటి సంగతి తేల్చుకోవడం రివాజు. బ్రిటన్ 1914లో, అమెరికా 1917లో ఇందుకు చట్టాలు చేశాయి. ఇందులోనూ తటస్థులు నలిగిపోయారు. 1942లో అమెరికా ప్రభుత్వం జనరల్ అనిలిన్ అండ్ ఫిల్మ్ అనే కంపెనీ వాటాలను అవి నిజానికి జర్మన్లవేనంటూ స్వాధీనం చేసుకుంది. వాటి యజమాని ఇంటర్‌హాండెల్ అనే స్విస్ కంపెనీ. తటస్థ దేశమైన స్విట్జర్లాండ్ అంతర్జాతీయ న్యాయస్థానం తలుపు తట్టింది. ముందు అమెరికా కోర్టుల్లోనే తేల్చుకోమని 1959లో జవాబొచ్చింది. యుద్ధం రెండు దశాబ్దాల కిందటి ముచ్చట అయ్యాకే, 1960లలో, రాజీతో ఆ తగాదా తీరింది.

తాష్కెంట్‌లో అర వాక్యం

భారత్‌లో ఈ కథకు మొదలు 1962. చైనా యుద్ధం తర్వాత దేశ రక్షణ నిబంధనల కింద చైనీయుల ఆస్తులు కస్టోడియన్‌కు దఖలయ్యాయి. 1965 యుద్ధం మధ్యలో, సెప్టెంబర్ 10న వచ్చిన ఉత్తర్వుతో పాకిస్తానీల ఆస్తులకూ అదే గతి పట్టింది. పాకిస్తాన్ కూడా తన గడ్డ మీది భారతీయుల ఆస్తులను అలాగే పట్టుకుంది. 1966 జనవరి 10న తాష్కెంట్‌లో లాల్ బహదూర్ శాస్త్రి, అయూబ్ ఖాన్ చేసిన ప్రకటనలో ఆస్తులను పరస్పరం తిరిగి ఇచ్చుకునే విషయం చర్చించాలన్న మాట ఉంది. ఆ చర్చ ఫలించలేదు. అత్యవసర నిబంధనల గడువు తీరిపోనుండటంతో ఢిల్లీ 1968లో శత్రు ఆస్తుల చట్టం తెచ్చింది. పాకిస్తాన్ తన దగ్గరున్న ఆస్తులను 1971 నాటికే అమ్మేసుకుంది. 1972 సిమ్లా ఒప్పందంలో వీటి ఊసే లేదు.

పాకిస్తాన్‌లో ఆస్తులు పోగొట్టుకున్న భారతీయులకు కేంద్రం 1971లో ఓ పరిహార పథకం ప్రకటించింది. నిరూపణ అయిన విలువలో 25 శాతం, అదీ గరిష్ఠంగా 25 లక్షల రూపాయలు. ఇప్పటికీ ప్రభుత్వ వాదనకు బలం ఇక్కడినుంచే వస్తుంది. అవతలివాళ్లు మనవాళ్ల ఆస్తులను ఎప్పుడో అమ్ముకుంటే మనం మాత్రం అరవై ఏళ్లు భద్రంగా దాచి వారసులకు అప్పగించాలా అన్నది ఢిల్లీ ప్రశ్న. తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు.

ఇక్కడ ఓ తేడా గుర్తుంచుకోవాలి. దేశ విభజన సమయంలో వెళ్లిపోయినవారి ఆస్తులు 'కాందిశీకుల ఆస్తులు'. వాటికి 1950 నాటి వేరే చట్టం ఉండేది. పంజాబ్, సింధ్ నుంచి వచ్చిన శరణార్థుల పునరావాసానికి ఆ ఆస్తులను వాడారు. ఆ చట్టాన్ని 2005లో రద్దు చేశారు. శత్రు ఆస్తుల చట్టానికి మాత్రం వయసు పెరిగేకొద్దీ కోరలు పదునెక్కాయి.

రాజావారి వ్యాజ్యం

కోరలు ఎందుకు పదునెక్కాయో తెలియాలంటే మహమూదాబాద్ కథ తెలియాలి. అవధ్‌లోని ఆ సంస్థానం రాజా మహమ్మద్ అమీర్ అహ్మద్ ఖాన్ జిన్నాకు సన్నిహితుడు, ముస్లిం లీగ్ కోశాధికారి. దేశ విభజన తర్వాత ఇరాక్ వెళ్లారు. 1957లో పాకిస్తాన్ పౌరసత్వం తీసుకున్నారు. ఆయన భార్య, కొడుకు మాత్రం భారతీయులుగానే ఉండిపోయారు. 1965 ఉత్తర్వుతో లక్నోలోని బట్లర్ ప్యాలెస్, హజ్రత్‌గంజ్‌లోని వాణిజ్య భవనాలు, నైనితాల్‌లోని మెట్రోపోల్ హోటల్, మహమూదాబాద్ కోటతో సహా వందల ఆస్తులు కస్టోడియన్ పరమయ్యాయి. 1973లో రాజా లండన్‌లో చనిపోయారు.

శత్రువు చనిపోయాడు, ఏకైక వారసుడైన కొడుకు భారత పౌరుడు, 1968 చట్టంలోని 'శత్రువు' నిర్వచనం భారత పౌరులను స్పష్టంగా మినహాయించింది. కనుక ఆస్తులు తనకు తిరిగి ఇవ్వాలన్నది కొడుకు మహమ్మద్ అమీర్ మహమ్మద్ ఖాన్ వాదన. 1980ల ఆరంభంలో 25 శాతం ఇస్తామంది కేంద్రం. అందుకైనా వారసత్వం రుజువు చేసుకోమంది. ఆయన లక్నో సివిల్ కోర్టుకెళ్లి 1986లో రుజువు చేసుకున్నారు. అయినా ఏమీ రాలేదు. బొంబాయి హైకోర్టులో 2001లో గెలిచారు. కేంద్రం అప్పీలుకెళ్లింది. చివరికి 2005 అక్టోబర్ 21న సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు అశోక్ భాన్, అల్తమస్ కబీర్ ఆయన పక్షాన తీర్పిచ్చారు. కస్టోడియన్‌కు దఖలు పడింది ఆస్తుల నిర్వహణ మాత్రమేనని, యజమాని మరణంతో అవి భారత పౌరుడైన వారసుడికి సంక్రమించాయని, ఇక వాటిని శత్రు ఆస్తులనడానికి వీల్లేదని స్పష్టం చేశారు.

మూడు దశాబ్దాల పోరాటం ఫలించినట్టే కనిపించింది. కొన్ని ఆస్తులు చేతికొచ్చాయి కూడా. అయితే ఆ తీర్పు చూపించి మరెందరో వారసులు కోర్టులకెక్కుతారన్న భయం ఢిల్లీని పట్టుకుంది. 2010 జులైలో యూపీఏ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అది మురిగిపోయింది. 2016 జనవరి 7న ఎన్డీయే ప్రభుత్వం మరో ఆర్డినెన్స్ తెచ్చింది. ఏడాదిలో ఐదుసార్లు ఆర్డినెన్స్ జారీ చేయాల్సి వచ్చింది. రాజ్యసభ సెలెక్ట్ కమిటీలో ప్రతిపక్ష సభ్యులు అసమ్మతి పత్రాలిచ్చారు. చివరికి 2017 మార్చిలో బిల్లు ఉభయ సభల గడప దాటింది. రెండు భిన్న ధ్రువాల్లాంటి ప్రభుత్వాలు ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికి రావడం ఢిల్లీలో అరుదు. ఇది అలాంటిది.

తటస్థుడైనా శత్రువే

2017 సవరణ చేసిన పని చిన్నది కాదు. అది 'శత్రువు' అన్న మాట అర్థాన్నే మార్చేసింది. శత్రువు వారసుడు భారత పౌరుడైనా, శత్రువు కాని ఏ ఇతర దేశం పౌరుడైనా ఆ నిర్వచనం కిందికే వస్తాడు. శత్రువు చనిపోయినా, పౌరసత్వం మార్చుకున్నా, వ్యాపారం మూసేసినా ఆస్తి కస్టోడియన్ దగ్గరే ఉంటుంది. వారసత్వ చట్టాలు ఈ ఆస్తులకు వర్తించవు. జరిగిపోయిన బదిలీలూ చెల్లవు. సివిల్ కోర్టులు జోక్యం చేసుకోరాదు. బాధితులు ముందుగా కేంద్ర ప్రభుత్వానికే మొరపెట్టుకోవాలి. అక్కడా కాదంటే అరవై రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. పైగా ఇదంతా 1968 నుంచే అమల్లో ఉన్నట్టు భావించాలంది చట్టం. అంటే 2005 తీర్పు ఆధారపడిన పునాదే పోయింది.

కరాచీ వెళ్లిపోయిన ఓ ఢిల్లీ వ్యాపారి మనవడు ఇవాళ బ్రిటిష్ పౌరుడనుకుందాం. బ్రిటన్‌తో మనకు యుద్ధం లేదు. అంతర్జాతీయ న్యాయం భాషలో అతను తటస్థుడు. తాతతోబాటు వెళ్లకుండా ఢిల్లీలోనే ఉండిపోయిన మరో మనవడు భారతీయుడు. ఈ చట్టం ముందు ఇద్దరిదీ ఒకటే స్థానం.

నిజానికి ఈ తర్కం పూర్తిగా కొత్తదేమీ కాదు. సముద్ర యుద్ధ న్యాయంలో దీనికి మూలం ఉంది. శత్రువు సరుకును ఓడ నడిసంద్రంలో ఉండగా తటస్థుడికి అమ్మేసినట్టు కాగితాలు సృష్టిస్తే చెల్లదని 1909 నాటి లండన్ ప్రకటన చెప్పింది. ఆ ప్రకటనను ఏ దేశమూ ఆమోదించకపోయినా సూత్రం మాత్రం పాతదే. జప్తు తప్పించుకోవడానికి యజమాని పేరు మార్చే దొంగాటను అరికట్టడమే దాని ఉద్దేశం. ప్రభుత్వ సమర్థకుల వాదన కూడా అదే: పాకిస్తాన్ వెళ్లినవాళ్ల ఆస్తులు దొడ్డిదారిన బంధువుల పేర్ల మీదికి మారిపోతున్నాయి, అడ్డుకట్ట వేయాలి. అయితే లండన్ ప్రకటనలోని నిషేధానికి ఓ హద్దుంది. సరుకు రేవు చేరేదాకానే అది వర్తిస్తుంది. 2017 సవరణకు అలాంటి హద్దు లేదు. తండ్రి సహజ మరణంతో కొడుక్కి దక్కే వారసత్వం దొంగ కాగితం కాదన్న తేడా కూడా అందులో లేదు.

ఈ చట్టం దెబ్బ రాజధాని ప్రాంతంలోని మరో రాజకుటుంబానికీ తగిలింది. గురుగ్రామ్ జిల్లాలోని పటౌడీ వంశం అది. భోపాల్ చివరి నవాబు హమీదుల్లా ఖాన్ పెద్ద కూతురు ఆబిదా సుల్తాన్ 1950లో పాకిస్తాన్ వెళ్లిపోయారు. పటౌడీ నవాబును పెళ్లాడిన రెండో కూతురు సాజిదా ఇక్కడే ఉన్నారు. భోపాల్ ఆస్తులకు ఆమెనే వారసురాలిగా కేంద్రం 1962లో గుర్తించింది. యాభై ఏళ్లు దాటాక కస్టోడియన్ మాట మారింది. అసలు వారసురాలు ఆబిదాయే కనుక అవి శత్రు ఆస్తులన్నారు. సాజిదా మనవడు, నటుడు సైఫ్ అలీ ఖాన్ కుటుంబం హైకోర్టుకెళ్లింది. 2024 డిసెంబర్‌లో మధ్యప్రదేశ్ హైకోర్టు, చట్టం చూపిన అప్పీలు దారిలోనే వెళ్లమంటూ పిటిషన్‌ను ముగించింది. సైఫ్ లాంటి వారికి పెద్ద లాయర్లుంటారు. పాత బస్తీలో రెండు గదుల ఇంటికి వారసుడైనవాడికి ఆ స్తోమత ఎక్కడిది?

అమ్మేవాడు యజమాని కాడు

ఆస్తులు దాచడం నుంచి అమ్మడం వైపు ప్రభుత్వం ఇప్పటికే మళ్లింది. 2018లో 996 కంపెనీల్లోని ఆరున్నర కోట్ల శత్రు వాటాల అమ్మకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అప్పటి విలువ సుమారు 3,000 కోట్లు. 2019లో ఒక్క విప్రో వాటాలే 1,100 కోట్లకు పైగా తెచ్చాయి. వాటాలు, బంగారం వంటి చరాస్తులు అమ్మి 2023 నాటికి 3,400 కోట్లకు పైగా రాబట్టారు. ఆ తర్వాత స్థిరాస్తుల వంతు వచ్చింది. కోటి రూపాయల లోపు విలువైన వాటిని ముందుగా అందులో ఉంటున్నవారికే అమ్మజూపాలని 2023లో నిర్ణయించారు. పట్టణాల్లో ఈ పరిమితిని 2024లో ఐదు కోట్లకు పెంచారు. తరాలుగా అద్దెకుంటూ, కప్పు కారినా సొంతంగా బాగు చేసుకోవడానికి జంకే కుటుంబాలకు ఇది ఊరటే. కొనే స్తోమత లేనివారికి మాత్రం కొత్త గుబులు.

ఇంతలో సుప్రీంకోర్టు మరో మాటంది. లక్నోలో మహమూదాబాద్ రాజాకే చెందిన ఓ భవనానికి మున్సిపల్ పన్ను కట్టాలా వద్దా అన్న వివాదం అది. శత్రు ఆస్తి అంటే కేంద్రం ఆస్తి, కనుక స్థానిక పన్ను వర్తించదన్నారు అందులో వ్యాపారం చేస్తున్నవారు. 2024 ఫిబ్రవరి 22న న్యాయమూర్తులు బి.వి. నాగరత్న, ఉజ్జల్ భూయాన్ ఆ వాదనను తోసిపుచ్చారు. కస్టోడియన్ కేవలం ధర్మకర్త, దఖలు పడినంత మాత్రాన యాజమాన్యం కేంద్రానికి రాదు, పరిహారం లేకుండా ఆస్తి కేంద్రానిదైపోయిందంటే అది ఆస్తి హక్కునిచ్చే 300ఏ అధికరణానికే విరుద్ధం అన్నారు. అది పన్ను తగాదా మీద ఇచ్చిన తీర్పు. 2017 సవరణ చెల్లుతుందా లేదా అన్నది తేల్చినది కాదు. కానీ అది లేవనెత్తిన ప్రశ్న పెద్దది. కేంద్రం యజమాని కానప్పుడు, అమ్మగా వచ్చిన సొమ్ము దేశ సంచిత నిధిలో జమ కావడం ఎలా కుదురుతుంది?

వారసులకు ఇవ్వాలా వద్దా అన్నదానికన్నా ముందు ఎవరు శత్రువు అన్నది తేలాలి. యుద్ధ సమయంలో శత్రువు చేతికి వనరులు అందకుండా చూసుకునే హక్కు ఏ దేశానికైనా ఉంది. దాన్ని ఎవరూ కాదనడం లేదు. కానీ 1965 నాటి ఉత్తర్వు లక్ష్యం పాకిస్తాన్ పౌరులు. ఆ తర్వాత పుట్టిన భారతీయులు కారు. పాకిస్తాన్ అమ్మేసుకుంది కనుక మనమూ అమ్ముతాం అనడం ఇస్లామాబాద్‌తో లెక్క సరిచేసుకోవడానికి పనికి రావచ్చు. ఆ లెక్కలో బాకీ కట్టేది మాత్రం కొన్నిచోట్ల మన పౌరుడే. చరాస్తులు, స్థిరాస్తులు అమ్మినప్పుడు వచ్చిన సొమ్ములో భారతీయ వారసులకు, 1971 నాటి పథకం తరహాలోనైనా, కొంత వాటా ఇవ్వడం ఓ మధ్యేమార్గం. ఇవ్వకపోయినా, కనీసం జమోరా యజమానికి 1916లో దక్కిన పాటి అవకాశమైనా దక్కాలి. ప్రభుత్వాన్ని కాక ముందుగా న్యాయస్థానాన్ని ఆశ్రయించి, ఇది నాదని చెప్పుకునే అవకాశం అది.

మహమూదాబాద్ రాజా మహమ్మద్ అమీర్ మహమ్మద్ ఖాన్ 2023 అక్టోబర్‌లో కన్నుమూశారు. కేంబ్రిడ్జ్‌లో చదువుకున్న ఆయన ఉత్తరప్రదేశ్ శాసనసభకు కాంగ్రెస్ ఎమ్మెల్యేగా కూడా ఎన్నికయ్యారు. ప్రజలు ఓటేసి చట్టసభకు పంపిన మనిషి ఆస్తి వ్యవహారంలో మాత్రం చట్టం కంటికి శత్రువుగానే మిగిలిపోయారు. తండ్రి మరణించిన ఏడాది నుంచి లెక్కేస్తే సరిగ్గా యాభై ఏళ్లు. 1965 యుద్ధమైతే 17 రోజుల్లో ముగిసింది.